మూరెడు ఎత్తు

ఎక్స్‌రే గది తలుపు మీద ఎర్రబల్బు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది, అంటే రెండో ఫొటో తీస్తున్నారు, ఒకటి చాలలేదా, మొదటిదాంట్లో ఏదో కనబడి దాన్నే ఇంకో పక్కనుంచి చూద్దామనుకున్నారా, లేక ఎవరికైనా రెండే తీస్తారా, అడుగుదామంటే ఇటు వచ్చిన నర్సు అటు వెళ్ళిపోయింది. ఈ పెద్దాసుపత్రి వరండాలో గోడలకి సగం దాకా ఆకుపచ్చ రంగు, ఆ పైన సున్నం, రెండూ కలిసే చోట ఎందరో తలలు ఆనించి ఆనించి పడిన నూనె మరకలు. నా పక్కన బల్ల మీద నారాయణమ్మ. కబురు అందగానే రొయ్యల ఫ్యాక్టరీ నుంచి ఉన్నపళంగా లేచి వచ్చేసింది, చీర అంచు తడి ఇంకా ఆరలేదు, ఐసులో నానిన వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి, ఆ వేళ్ళని ఒకదాంతో ఒకటి నొక్కుకుంటోంది. గంగాభవాని తల్లి. గంగాభవాని మా బళ్ళో హ్యాండ్‌బాల్ గోల్‌కీపరు, పదమూడేళ్ళ పిల్ల, ఆ బల్బు వెనక బల్ల మీద ఇప్పుడు చాపి ఉన్నది దాని కుడికాలు. వచ్చీ రాగానే నారాయణమ్మ అడిగింది, "ఏటయింది టీచరమ్మా?" అని. "దూకుతుంటే పడిందమ్మా" అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు ఆ మాటలో. దూకింది, పడింది. నిజం మాత్రం అందులో సగమే ఉంది, రెండో సగం ఇంకా చెప్పలేదు.

పొద్దున ఆరున్నరకి ఎండ ఇంకా మెత్తగా ఉంది. హార్బరు వైపు నుంచి గాలి, గాలిలో ఉప్పూ డీజిలూ, మా బడి గ్రౌండులో ఏడుగురు పిల్లలు. మామూలుగా అయితే బీచికి నడిపించుకుని వెళ్ళేదాన్ని, ఇసకలో గెంతించేదాన్ని, ఇవాళ తొమ్మిదింటికి పరీక్ష పెట్టి ఉంది, ఇసక దాకా వెళ్ళే తీరిక లేదు, ఒక్కరోజే కదా అనుకున్నాను. ఫిబ్రవరికే మా గ్రౌండు ఎండి రాయిలా అయిపోతుంది, ఆ సంగతి నాకు తెలియదా, తెలుసు. పది రోజుల్లో రాష్ట్ర జట్టుకి సెలక్షన్లు. పోయిన ఏడు సెలక్షన్లలో టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి గంగాభవానిని చూసి, చేతులు బాగున్నాయి, పాదాలే నిద్రపోతున్నాయి అన్నాడు, నవ్వుతూ అన్నాడు, అందరూ నవ్వారు, పిల్ల కూడా నవ్వింది, నవ్వనిది నేనొక్కదాన్నే. ఆ నవ్వు ఏడాదంతా నా చెవిలోనే ఉంది. అందుకేనా? అందుకే అనుకుంటాను. కాకపోతే పిల్ల దూకడానికని మూరెడు పెట్టె మీద జానెడు పెట్టె ఎత్తి పెట్టిన చేతులు ఎవరివి?

ఆ పెట్టెలు చేసింది పిల్ల తండ్రే. అప్పలసూరి, ఫిషింగ్ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీలో పని, శృంగవరపుకోట అవతల పొలం పని వదులుకుని వచ్చినవాడు, మాటలు తక్కువ. పోయిన వానాకాలంలో, దూకడానికి గట్టి పెట్టెలు కావాలి అని నేనంటే, విరిగిపోయిన చేపల పెట్టెల చెక్కలు ఏరి, మేకులు వంకర తీసి, రెండు పెట్టెలు కొట్టి భుజాన వేసుకుని మోసుకొచ్చాడు. ఒకటి జానెడు, ఒకటి మూరెడు. పిల్లల కాళ్ళు గీసుకోకుండా అంచులన్నీ గాజుపెంకుతో గీకి నున్నగా చేశాడు. చేపల వాసన మాత్రం పోలేదు, ఆ వాసనకి కాకులు వచ్చి పెట్టెల మీద వాలేవి, పిల్లలు వాటిని తోలి ఎక్కేవాళ్ళు. "ఇంతకన్నా ఎత్తు కావాలేటి టీచరమ్మా?" అని అడిగాడు. "వద్దు అప్పలసూరీ, ఇదే ఆఖరు. దీన్ని దాటకూడదు" అన్నాను. నేనే అన్నాను. అతను తలాడించి వెళ్ళిపోయాడు. రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడు ఇంట్లో నిద్రపోతూ ఉంటాడు, లేపవద్దని నారాయణమ్మ చెప్పి పంపిందట, ఎముక విరిగిందని తేలితే లేపుదాం అందట. ఎముక విరిగితే. ఆ మాట ఎంత మామూలుగా అంది.

దాటకూడదని నాకు చెప్పింది లుద్మిలా. ఉక్కు కర్మాగారం కట్టడానికి వచ్చిన రష్యా ఇంజనీర్లలో ఒకాయన భార్య, నలభై దాటిన మనిషి, పొడుగు, ఎండకి ముక్కు ఎర్రగా కమిలిపోయి ఉండేది. రెండేళ్ళ కిందట వాళ్ళ కాలనీ గ్రౌండులో పోటీలు పెడితే మా పిల్లల్ని తీసుకెళ్ళాను, ఆట అయ్యాక ఆమె మా గోలు దగ్గరికి వచ్చి నిలబడింది, చిన్నప్పుడు తనూ గోల్‌కీపరేనట, తర్వాత పిల్లలకి నేర్పిందట. పక్కన తెలుగు రాని దుబాసీ, అతను ఇంగ్లీషులో చెప్తే నేను తెలుగులో రాసుకున్నాను. అసలు మా పని ఎలాంటిదంటే, హ్యాండ్‌బాల్లో గోలు మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు, విసిరేవాళ్ళు ఆరు మీటర్ల దూరానికి వచ్చి గాల్లోకి లేచి మరీ విసురుతారు, బంతి ఎటు వస్తోందో చూసి కాలు కదిపే వ్యవధి ఉండదు, చూసేసరికే కాలు అక్కడ ఉండాలి. ఆ చురుకు పరిగెత్తితే రాదు, గుంజీళ్ళు తీస్తే రాదు. ఎత్తు మీద నుంచి దిగాలి, నేల తగిలీ తగలగానే మళ్ళీ లేవాలి, నిప్పుల మీద అడుగు పడ్డట్టు. పుస్తకాల్లో దాని పేరు ప్లయోమెట్రిక్స్ అని ఆమె చెప్పింది, మా పిల్లలకి మాత్రం అది పెట్టెల గెంతుడు. చెప్పినవన్నీ చెప్పి, ఆమె గంగాభవానిని దగ్గరికి పిలిచింది, అప్పటికి దానికి పదకొండేళ్ళు, మోకాలి కింద ఒక చోట, చీలమండ పైన ఒక చోట వేలు పెట్టి నొక్కి చూపించింది. ఇక్కడ ఎముక ఇంకా పచ్చిది, ఇక్కడే అది ఎదుగుతుంది, అంది. అరచేయి దాని మోకాలి దగ్గర అడ్డంగా పెట్టి, ఇంతే, అంది. ఇంత వరకే. వారానికి రెండుసార్లు. ఇసక మీదో గడ్డి మీదో. కళ్ళతో కాదు, చెవులతో చూడు, అని కూడా అంది, ఆ మాట దుబాసీ రెండుసార్లు చెప్తే గాని నాకు అర్థం కాలేదు. పిల్ల దిగినప్పుడు పిల్లి దూకినట్టు చప్పుడు లేకుండా దిగాలి, చప్పుడు బరువెక్కిందంటే కాళ్ళు అలిసిపోయాయి, అక్కడితో ఆపెయ్యి.

ఇవాళ ఎనిమిదో దూకుడికే చప్పుడు బరువెక్కింది. నేను విన్నాను. దేవుడా, నేను విన్నాను. వినలేదని ఎవరికైనా చెప్పగలను, నాకు నేను చెప్పుకోలేను. పెట్టె మీద పెట్టె పెడుతుంటే పిల్ల నా మొహంలోకి చూసింది, "దీని మీంచా టీచర్?" అంది, భయంతో కాదు, నేను తప్పు చెప్పనన్న నమ్మకంతో, ఊరికే ఖాయం చేసుకోవడానికి. "దీని మీంచే" అన్నాను. పైకెక్కింది, జడ వెనక్కి విసిరి, దూకింది, లేచింది, పక్కకి కాలు చాపింది, నేను విసిరిన బంతి దాని పాదానికి తగిలి ఎగిరిపోయింది. ఎంత అందంగా ఉందో ఆ కాలు! ఆ ఒక్క క్షణం నేను పెట్టెలనీ మరిచాను, నేలనీ మరిచాను. ఇంకోటి అన్నాను. ఇంకోటి. ఎనిమిదోది ధబ్బుమంది. ఇంకోటి అన్నాను. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండోది దిగడం దిగడం కాలు లోపలికి మడతపడింది. పిల్ల అరవలేదు. నేల మీద కూర్చుని, "టీచర్, లెగలేకపోతన్నాను" అంది, ఏదో తన తప్పు ఒప్పుకుంటున్నట్టు.

అప్పుడు నేను చూస్తున్నది గంగాభవాని కాలేనా? పదేళ్ళ కిందట యూనివర్సిటీ జట్టులో గోలు ముందు నిలబడ్డది నేను. ఆఖరి నిమిషం, ఇరువైపులా సమానం, ఎడమ పక్కనుంచి అవతలి జట్టు పొడుగు పిల్ల విసిరింది, బంతి కిందుగా వస్తోందని నాకు తెలుసు, ఏ మూలకో కూడా తెలుసు, తెలిసి కాలు వేశాను, నా పాదం నేల మీదికి వచ్చేలోపు పాదం కింద నుంచి బంతి వెళ్ళిపోయింది. అరడుగు. నా వెనక వల కదిలిన చప్పుడు. భుజం తట్టారు, బస్సులో పక్కన చోటు ఇచ్చారు. ఆ అరడుగు కోసమే ఈ పదేళ్ళూ ఎవరెవరి పిల్లల చేతనో గెంతిస్తున్నానా? నా కాలు అందుకోలేనిది ఒక ఐసు ఫ్యాక్టరీ మనిషి కూతురి కాలు అందుకోవాలని, దానికోసం దాని ఎముక పచ్చిదైనా సరే, నేల రాయైనా సరే, అనుకున్నానా? అలా అనుకోలేదు. ఎవరూ అలా అనుకోరు. ఇంకోటి అంటారు, అంతే.

"దానికి దూకుడెక్కువ టీచరమ్మా." నారాయణమ్మ గొంతు. నా వైపు చూడట్లేదు, తన వేళ్ళనే చూసుకుంటోంది. "ఆగమంటే ఆగదు. మీరొద్దన్నా ఎక్కుంటాది. ఇంటికి రానీండి, ఈ తిరుగుళ్ళన్నీ కట్టించేత్తాను. ఆడగుంటకి కాలిరిగితే రేపొద్దున్న ఎవులు సూత్తారు? దాని తప్పుకి మీరు పనులు మానుకోని ఈ ఎండలో..."

దాని తప్పు. ఊరుకుంటే సరిపోతుంది. ఊరుకోవడానికి ఏ శ్రమా లేదు, నోరు తెరవకపోతే చాలు, ఆ పెట్టెలు సాయంత్రానికి విడదీసి గదిలో పడేస్తే చాలు, పిల్లలకి చెప్పక్కర్లేదు, వాళ్ళు టీచర్ మీద చెప్పరు, గంగాభవాని అసలే చెప్పదు, అమ్మ చేతి దెబ్బలు నాలుగు తిని ఊరుకుంటుంది. దాని ఆట ఆగిపోతుంది. నా ఉద్యోగం, నా పేరు ఆగవు. ఎర్రబల్బు ఆరిపోయింది. లోపల ఏదో ఇనప చప్పుడు. వరండా చివర ఎవరో ముసలాయన దగ్గుతున్నాడు, ఆగకుండా దగ్గుతున్నాడు, ఆ దగ్గు ఆగాక చెప్దాం అనుకున్నాను, ఆగింది, మళ్ళీ మొదలైతే బాగుండు అనుకున్నాను.

"నారాయణమ్మా, అది ఎక్కలేదు. నేనే ఎక్కించాను."

ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"వద్దన్న ఎత్తు అది. నాకు తెలుసు. తెలిసే పెట్టె మీద పెట్టె పెట్టాను. అలిసిపోయిందని కూడా తెలుసు. అయినా దూకమన్నాను. దాని తప్పు ఇసుమంత కూడా లేదు. దాన్నేమీ అనకండి."

ఏమంటుందో అని కాదు, ఎంత గట్టిగా అంటుందో అని చూశాను. ఆమె నా మొహంలోకి చూసింది, చాలాసేపు, ఫ్యాక్టరీలో రొయ్యల్ని మంచివీ చెడ్డవీ వేరు చేసే చూపు అలాగే ఉంటుందేమో. "ఆల్ల నాన్న సేసిన పెట్టెలేనా?" అంది. అవునన్నాను. "నిన్ను నమ్మి పంపినాం" అంది. ఎప్పుడూ మీరు అనే మనిషి. ఆ నువ్వు నా చెంప మీద పడ్డట్టే ఉంది, పడాల్సిందే, పడ్డాక గాని ఊపిరి ఆడలేదు. లేచి, బల్ల ఆ చివరికి వెళ్ళి కూర్చుంది. మా మధ్య ముగ్గురు కూర్చునేంత ఖాళీ. చిత్రం, భయం తగ్గింది, పిల్ల కాలు ఏమైందో అన్న భయం అలాగే ఉంది గానీ దాని వెనక దాక్కున్న రెండో భయం, ఆ మురికి భయం, లేచి వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను ఒక్క దానికోసమే ఎదురుచూస్తున్నాను. ఆ కాలు కోసం. అది బాగుంటే చాలు, నా కొలువు పోయినా సరే, ఇంకెప్పుడూ బంతి ముట్టకపోయినా సరే, ఇలాంటి మొక్కులు ఇక్కడ ఈ బల్ల మీద రోజుకి ఎందరు మొక్కుతారో.

తలుపు తీసుకుని డాక్టరు వచ్చాడు, కుర్రవాడే, చొక్కా జేబులో రెండు పెన్నులు, చేతిలో ఇంకా తడి ఆరని నల్లటి ఫొటో. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టాడు. నేనూ నారాయణమ్మా ఒక్కసారే లేచాం. ఆ నలుపులో తెల్లగా పిల్ల కాలు, చీలమండ, అడుగున చిన్న చిన్న ఎముకలు వరసగా, సముద్రం ఒడ్డున ఏరుకున్నవాటిలా. చీలమండకి కాస్త పైన అడ్డంగా ఒక నల్లగీత. "ఆ గీత..." అన్నాను.

"ఆ గీత ఉండాలండీ" అన్నాడు. "అదే ఎముక ఎదిగే చోటు. ఈ వయసులో అందరికీ ఉంటుంది. అక్కడే ఏదైనా అయిందేమో అని నేనూ భయపడ్డాను, అందుకే రెండు వైపుల్నుంచీ తీయించాను. శుభ్రంగా ఉంది. విరగలేదు, జరగలేదు. గట్టిగా బెణికింది, అంతే. వాపు తగ్గేదాకా కట్టు ఉంచండి. మూడు వారాలు గెంతడాలు, దూకడాలు లేవు. ఎత్తు మీంచి దూకానని పిల్ల చెప్పింది, అలా ఎవరు దూకించారు?"

"నేనేనండీ" అన్నాను. రెండోసారికి ఎంత తేలిగ్గా వచ్చిందో. అతను నన్ను తిట్టాడు, మర్యాదగానే, ఎముకల గురించి, నేల గురించి, బాధ్యత గురించి, నేను తల ఊపుతూనే ఉన్నాను, అతని మాటలు ఒక్కటీ చెవికెక్కట్లేదు, విరగలేదు, జరగలేదు, శుభ్రంగా ఉంది, ఈ మూడు ముక్కలే లోపల తిరుగుతున్నాయి, మండే నేల మీద వాన మొదటి చినుకులు పడి ఒక్కొక్కటే ఇంకిపోతున్నట్టు. గోడ పట్టుకున్నాను. ఆకుపచ్చ రంగు చల్లగా ఉంది. కిటికీలోంచి గాలి వస్తోందని, పొద్దుట్నుంచీ వస్తూనే ఉందని, అప్పుడు తెలిసింది. దూరంగా పోర్టులో ఓడ కూత పెట్టింది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి ఎన్ని వేలసార్లు విని ఉంటాను, ఎప్పుడూ ఇంత బాగా లేదు అది.

అప్పుడు నారాయణమ్మ అడిగింది, నన్ను కాదు, డాక్టర్ని. "మూడు వారాలా బాబూ? మరి పద్దినాల్లో దాని సెలక్సన్లున్నాయి గదా."

నేను తిరిగి చూశాను. ఆమెకి తెలుసా? రోజులు లెక్కపెట్టుకుంటోందా? నేనెప్పుడూ చెప్పలేదు, పిల్ల చెప్పి ఉంటుంది, రొయ్యలు ఒలుస్తూ పక్కవాళ్ళకి కూడా చెప్పుకుని ఉంటుంది, మా గుంట రాష్ట్రానికి ఆడతాది అని. ఇందాక కట్టించేస్తానన్న తిరుగుళ్ళు ఇవేనా? డాక్టరు కుదరదన్నాడు. "సెలక్షన్లు పోనీండి నారాయణమ్మా" అన్నాను. "వచ్చే ఏడు ఉంటాయి. దానికింకా పదమూడే." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది, ఒక్కసారి, గట్టిగా, చెమటో మరొకటో.

గంగాభవానిని తోపుడు కుర్చీలో బయటికి తెచ్చారు. పాదం నుంచి పిక్క దాకా తెల్లటి కట్టు, మొహం మాత్రం ఏదో పండక్కి తయారైనట్టు వెలిగిపోతోంది, లోపల దీపాలు ఆర్పేసి ఫొటో తీశారట, మిషను ఇంత పెద్దదట, కదలొద్దంటే అసలు కదల్లేదట. సెలక్షన్ల మాట చెప్తే కింది పెదవి వణికింది. "వచ్చే ఏడు నాకు వయసు సరిపోద్దా టీచర్?" అంది. "సరిపోతుంది. ఆ పై ఏడూ సరిపోతుంది" అన్నాను. తల్లి వైపు చూసింది, ఆ సరిపోవడం నా ఒక్కదాని చేతిలో లేదని దానికీ తెలుసు. నారాయణమ్మ వంగి పిల్ల కట్టు మీద చెయ్యి వేసి, కాలివేళ్ళు ఒక్కొక్కటీ లాగి చూసింది, ఐదూ లెక్కకి ఉన్నాయా అన్నట్టు. అలా వంగే ఉండి, నాతో అంది, "ఇంకెప్పుడూ పెట్టె మీద పెట్టె ఎట్టకు."

"పెట్టను."

"ఇంకోపాలి సెప్పు."

"పెట్టను నారాయణమ్మా. ఇసకలోనే దూకిస్తాను. మోకాలు దాటనివ్వను. అలిసిపోతే ఆపేస్తాను."

"అలాగైతే సర్లే" అంది.

ఆసుపత్రి గేటు దాకా ఇద్దరం చెరో పక్క పట్టుకుని దింపాం, ఆ ఏటవాలు రోడ్డు మీద పిల్ల ఒంటికాలి మీద గెంతుతూ, మేమిద్దరం దాని బరువు మోస్తూ. ఎంత బరువుందో, పొద్దున ఆ కాళ్ళ మీదే కదా ఇంత బరువు పన్నెండుసార్లు పడింది. రిక్షా పిలిచాను. పిల్లని ఎక్కించి, కాలు కింద నా సంచీ ఎత్తుగా పెట్టాను, నారాయణమ్మ కూడా ఎక్కుతుందని పక్కకి జరిగాను. ఆమె ఎక్కలేదు. ఎండ వైపు చూసి, "మద్దినం పనికి అందుకుంటాను, ఇప్పుడెల్తే రానిత్తారు" అంది. "గుంటని నువ్వు ఇంటికాడ దింపేయ్. ఆల్ల నాన్నకి నువ్వే సెప్పు, అన్నీ సెప్పు, ఏటీ దాయకు. ఆడు ముందు అరుత్తాడు, తరవాత అన్నం తినెల్లమంటాడు, తిని ఎల్లు." అని, నా సమాధానం కోసం చూడకుండా, తడి ఆరీ ఆరని చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఎండలో గబగబా నడిచి వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. కూతుర్ని నా దగ్గర వదిలి వెనక్కి చూడకుండా వెళ్ళిపోతోంది. ఆమె మూల తిరిగేదాకా నేను చూస్తూనే ఉన్నాను.

రిక్షా పల్లంలోకి దిగింది. గాలి మొహాన కొట్టింది, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని కడుపు గుర్తుచేసింది, పరీక్ష పెట్టాల్సిన పిల్లలు నాకోసం ఎదురుచూసి చూసి ఇళ్ళకి పోయి ఉంటారు, పెద్ద మేడం రేపు పిలిపిస్తుంది, పిలవనీ, ఆమెకీ చెప్తాను, మూడోసారి ఇంకా తేలిగ్గా వస్తుంది. రోడ్డు పక్కన మామిడికాయ ముక్కలకి ఉప్పూకారం అద్దుతున్నారు. అన్నీ కనబడుతున్నాయి, ఒక్కొక్కటీ విడివిడిగా, కడిగి పెట్టినట్టు. గంగాభవాని భుజం నా భుజానికి ఆనుకుని వెచ్చగా ఉంది. విరగలేదు, జరగలేదు. నాకు తెలియకుండానే కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోబుద్ధి కాలేదు, కారనిచ్చాను. పిల్ల నా వైపు వింతగా చూసింది, ఇక ఆగలేక అడిగేసింది.

"కాలు నాది గదా టీచర్, మీరేడుత్తారేటి?"